ఎనిమిది మడతల జెండా

"మేడం, లేవండి," అన్నాడు రెజిమెంటు మ్యూజియం చూసుకునే మాజీ సైనికుడు క్రిస్.

అమృతం మూడోసారి లేచింది. పాత వాలంటీర్ రెజిమెంటు పట్టుజెండా మీద గుడ్డ తీసినప్పుడల్లా గదిలో అందరూ నిలబడాలట. పక్కన ఆమె భర్త డాక్టర్ ఆనందబాబు టీకప్పుతోనే అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"మన పెళ్లిలో కూడా మీరింత బుద్ధిగా నిలబళ్లేదు," అందామె మెల్లగా.

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో పాత పట్టుచీరలు చెడకుండా దాచే మనిషని ఆమెను పిలిపించారు. జెండా ముట్టుకుంటే రాలిపోయేలా ఉంది.

"ఇవన్నీ తూటా దెబ్బలు," క్రిస్ గర్వంగా చిరుగులు చూపించాడు. "ముప్పై ఏళ్లుగా స్కూలు పిల్లలకు చెబుతున్నాను."

అమృతం వంగి చూసింది. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయవి.

"దీన్నెలా మడతపెడతారు?"

"ఎనిమిది మడతలు. ఎప్పుడూ అవే గీతల మీద, అంగుళం తేడా రాకుండా. ఏటా నేనే పెడతాను."

అమృతం ముఖం చూసి ఆనందబాబుకు అర్థమైంది. "చెప్పకే. పెద్దాయన," అన్నాడు తెలుగులో.

"చెప్పకపోతే రేపు మళ్లీ మడతపెడతాడండీ," అని, ఆమె క్రిస్ వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది. "పట్టుకు మేం ఏటా మడత మారుస్తాం. ఒకే గీత మీద ఉంచితే అక్కడే తెగుతుంది. ఇవి తూటా దెబ్బలు కావు."

క్రిస్ చిరుగులన్నిటినీ వరసగా మళ్లీ చూశాడు.

"అయితే శత్రువు దీన్ని ఒక్కసారీ తాకలేదన్నమాట."

"గొట్టానికి చుట్టి ఉంచితే ఇంకా నిలుస్తుంది. ఆ చివర పట్టుకుంటారా?"

పట్టుకోబోయి, చాచిన చేతులు వెనక్కి తీసుకుని రెండు జేబుల్లో పెట్టుకున్నాడు క్రిస్. ఆ జెండా ముందు అటెన్షన్ వదిలి అలా నిలబడ్డ మొదటి సైనికుడు ఆయనే.