చక్రపాణిగారి బ్రౌన్ ఇంకు

ఆ ఆదివారం కూడా బక్కయ్య ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌కు దొంగతనానికి బయలుదేరాడు. పెద్దాయన అని ఎవరో పిల్ల లేచి సీటిచ్చింది. దొంగకు సీటిచ్చానని ఆ పిల్లకేం తెలుసు పాపం!

జేబులో చెవి మందు డ్రాపరు ఉంది. దాని పక్కన బుల్లి ఖాళీ సీసా. దొంగతనమంటే మరేదో అనుకునేరు, ఫౌంటెన్ పెన్నులో పోసే ఇంకు!

బస్ డిపోలో రాసి రాసి రిటైరైన బక్కయ్యకు పెన్నులంటే ప్రాణం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే చక్రపాణిగారికీ అదే పిచ్చి. సరూర్‌నగర్ చెరువు కట్ట మీద ఇద్దరూ పొద్దున్నే నడుస్తూ స్నేహితులయ్యారు. దసరాకు ముందు చక్రపాణిగారు ఎక్కడో వెతికి వెతికి ఓ బ్రౌన్ ఇంకు తెప్పించారు. ఆ కంపెనీవాళ్లు ఆ రంగు చేయడమే మానేశారట, ఇక దొరకదట. ఆయుధపూజకు సీసాను అమ్మవారి ముందు పెట్టించి, మర్నాడు విజయదశమికి పెన్నులో నింపి, బక్కయ్యను పిలిచి మరీ రాయించారు.

ఒక్క లైను! అంతే, రెండో లైనుకు పెన్ను లాగేసుకున్నారు.

కానీ ఆ ఒక్క లైనే కొంప ముంచింది. తడిగా ఉన్నప్పుడు లేతగా, ఆరాక పాత ఫొటోలోని నీడలా ఎంత ముద్దొచ్చిందో ఆ రంగు! బక్కయ్యకు నిద్ర పట్టలేదు. "జర ఒక్క పెన్నుకు పోయండి సార్" అని అడిగి చూశాడు.

"మా ఆవిడనైనా ఇస్తాను గానీ ఇంకు ఇవ్వను బక్కయ్యగారూ" అన్నారు చక్రపాణిగారు, ఆవిడ వింటుండగానే.

అడిగితే ఇవ్వనిది అడక్కుండా తీసుకోవాలని అప్పుడు పుట్టింది బుద్ధి. పాలు పడటం లేదని చెప్పి, పాలు లేని కాఫీ అడగడం మొదలుపెట్టాడు. చక్రపాణిగారు కొత్త పెన్ను చూపిస్తానని లోపలికి వెళ్లగానే డ్రాపరుతో ఇంకు లాగి, తగ్గినంత మేర తన కప్పులోని కాఫీ పోసేవాడు. బ్రౌన్‌లో బ్రౌన్ కలిసిపోయేది. సీసాలో మట్టం మాత్రం ఎక్కడిదక్కడే.

ఇంటికెళ్లి ఆ ఇంకుతో పేజీలకు పేజీలు రాసుకుని మురిసిపోయేవాడు.

"మనింట్ల తాగేది చాయ్, గీ కాఫీ వాసన ఏంది?" అని భార్య తిరుపతమ్మ ముక్కు ఎగబీల్చేది.

"ఫారిన్ ఇంకు, గట్లనే ఉంటది. నీకేం ఎర్క!" అనేవాడు గానీ, తను పోసిన కాఫీయే మళ్లీ తన సీసాలోకి వచ్చిందని లోపల నవ్వుకునేవాడు.

ఇవాళ మాత్రం గుమ్మం దాటేసరికి చక్రపాణిగారు ఓ కాగితం పట్టుకుని ఊగిపోతున్నారు. రాసిన ప్రతి అక్షరం మీదా చీమలు బారులు తీరి ఉన్నాయి.

"చూశారా బక్కయ్యగారూ! నా ఇంకు ఎవరో కాజేసి, తీపి కాఫీ కలిపి పెట్టారు. ఇంట్లో మసిలేది ముగ్గురం. మా ఆవిడకు ఇంకెందుకు? ఇక మిగిలిందెవరు?"

మిగిలింది పనిమనిషి సంతోషి. చీపురు అక్కడే పడేసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నాకెందుకు సార్ మీ ఇంకు? తాగుతనా, మూతికి పూసుకుంటనా? బడంగ్‌పేట్ నుంచి రెండు బస్సులు మారి గిందుకే ఒస్తున్ననా?"

"అదంతా నాకు తెలీదు. రేపట్నుంచి పనిలోకి రాకు."

"పోనీలెండి, ఇంకే కదా..." అని వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య కుసుమకుమారిగారు సణిగారు. ఆయన వినిపించుకోలేదు. సంతోషి కళ్లు ఒత్తుకుంటూ పెరట్లోకి పోయింది.

బక్కయ్యకు జేబులోని డ్రాపరు నిప్పుకణికలా తగిలింది. ఆ పిల్ల జీతం మీదే వాళ్లిల్లు నడుస్తుందని అతనికి తెలుసు. ఇంకు కోసం ఒకరి కూడు పోగొట్టాలా? స్నేహం పోతే పోయిందనుకుని, మంచినీళ్ల వంకతో వంటింట్లోకి నడిచాడు. డ్రాపరు తీసి గట్టు మీద పెట్టాడు.

"చెల్లె, ఆ పిల్ల తప్పేం లేదు. దొంగను నేను. ఇంకు తీసిన, నువ్విచ్చిన కాఫీ పోసిన. ఇప్పుడే పోయి సార్‌తో చెప్తా. ఆయన కొట్టినా పడతా."

కుసుమకుమారిగారు డ్రాపరు వంక, అతని వంక మార్చి మార్చి చూశారు.

"అన్నయ్యగారూ, మీరు పోసింది చక్కెర వేసిన కాఫీయేనా?"

"నువ్వు కలిపిచ్చిందే. చక్కెర తక్కువైతే నాకు గొంతు దిగదని మూడు చెంచాలు వేస్తవు గదా!"

ఆవిడ నెత్తి కొట్టుకున్నారు. వెంటనే చెయ్యి అడ్డం పెట్టి, హాల్లోకి వెళ్లబోతున్న అతన్ని ఆపేశారు.

"ఉండండి, మీరేం చెప్పద్దు. సంతోషి ఎక్కడికీ పోదు, ఆయనకు నేనే చెప్పుకుంటాను" అని, గొంతు బాగా తగ్గించి అన్నారు, "ఆయుధపూజనాడు వాసన చూద్దామని మూత తీస్తే సీసా బోర్లాపడి ఇంకంతా చుక్క మిగలకుండా ఒలికిపోయింది. అప్పటికప్పుడు అందులో డికాషన్ పోసేశాను, ఆపైన శనివారం శనివారం నింపుతున్నాను గానీ, మీలాగా చక్కెర మాత్రం వెయ్యలేదు అన్నయ్యగారూ!"