పన్నెండు కిలోమీటర్లు

వంతెన ఎక్కగానే డ్రైవర్ ఏసీ ఆపేశాడు.

"మళ్ళీనా?" అంది వెనక సీట్లో కూర్చున్న డిజైనర్.

"ఎత్తు కదమ్మా. ఏసీతో ఎక్కితే బండి పెట్రోలును మంచినీళ్ళలా తాగేస్తుంది," అంటూ ఆయన అద్దాలు దించాడు.

సాయంత్రాలు ఆఫీసు వాళ్ళను ఇళ్ళకు చేర్చే కారు అది. నలుగురు ఎక్కుతారు. అందరికంటే చివర దిగేది డిజైనరే.

డ్రైవర్‌కు యాభై దాటాయి. మిగతా ముగ్గురూ ఆయన్ని 'ఉక్కపోత బాబాయ్' అని పిలిచేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. పాత అట్టపెట్టె కత్తిరించి, నాలుగు విసనకర్రలు చేసి సీట్ల వెనక పెట్టాడు కూడా.

అలాగని అసలు ఏసీ వేయడని కాదు. బైపాస్ రోడ్డు ఎక్కితే తనే అద్దాలు ఎత్తి వేసేవాడు.

"ఏంటి బాబాయ్, ఇవాళ మా మీద ఇంత దయ?" అనేవాళ్ళు.

"వేగంగా పోయేటప్పుడు అద్దాలు తెరిస్తే గాలి బండిని వెనక్కి లాగుతుంది. అప్పుడు ఏసీయే నయం. ట్రాఫిక్‌లో నత్తలా పాకేటప్పుడే దండగ," అనేవాడు.

వాళ్ళ దారిలో ఎక్కువభాగం నత్తనడకే.

ఎండలు ముదిరాయి. ఇల్లు చేరేసరికి డిజైనర్‌కు తల పగిలిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"పెట్రోలు ఆఫీసుది. మధ్యలో మీకు పోయేదేముంది?"

"రోజుకు ఇన్ని లీటర్లని కొలిచి ఇస్తారమ్మా. దాంట్లోనే సర్దుకోవాలి."

"ఆ సర్దుకోవడం మా నెత్తిమీదా?"

ఆయన అద్దంలోంచి ఆమె ముఖం చూశాడు.

"ఇంకో పది నిమిషాలమ్మా. ఆ మలుపు దాటితే గాలి ఆడుతుంది," అన్నాడు మెల్లగా.

మర్నాడు ఆమె ఫిర్యాదు రాసిచ్చింది. ఉక్కకు రోజూ తలనొప్పి వస్తోందని, ఏసీ ఆపి మిగిల్చిన పెట్రోలు ఏమవుతోందో కనుక్కోమని.

ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ కారు మీటరు చూశాడు. వారంలో మూడు రోజులు కారు పన్నెండేసి కిలోమీటర్లు ఎక్కువ తిరిగింది. ఆమె ఎదుటే డ్రైవర్‌ను పిలిపించాడు.

"ఎక్కడికయ్యా ఈ పన్నెండు కిలోమీటర్లు?"

"తిరిగిన మాట నిజమే సార్."

"ఎక్కడికని అడుగుతున్నాను."

"చెప్పలేను సార్."

"చెప్పకపోతే ఉద్యోగం ఉండదు."

 ఆయన జేబులోంచి తాళాలు తీసి బల్లమీద పెట్టాడు. వెళ్తూ వెళ్తూ డిజైనర్ దగ్గర ఆగాడు.

"మీకు తలనొప్పని నాకు తెలీదమ్మా. కొత్తగా వచ్చేవాడికి చెప్తాను, గాలి మీ వైపు తిప్పమని."



కొత్త డ్రైవర్ ఏసీ ఆపలేదు. కారు చల్లగా ఉండేది. ఆమె తలనొప్పి తగ్గిపోయింది.

మూడు వారాల తర్వాత టీ కోసం వెళ్తే, క్యాంటీన్‌లో గిన్నెలు తోమే ఆవిడ ఆమెను గుమ్మం దగ్గర ఆపింది. ఆవిడ ముఖం ఉబ్బి ఉంది. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు.

"మీ కారు డ్రైవరన్న కనబడట్లేదమ్మా. ఒంట్లో బాలేదా?"

"పని మానేశారు. ఏం?"

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"మీ కడుపులోనే పెట్టుకోండమ్మా. నాకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేయించుకోవాలి. జబ్బని తెలిస్తే క్యాంటీనాయన మాన్పించేస్తాడు. మిమ్మల్నందర్నీ దింపాక అన్న వెనక్కొచ్చి నన్ను తీసుకెళ్ళేవాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు. ఇప్పుడు రెండు బస్సులు మారలేక రెండుసార్లు వెళ్ళనేలేదు."

"ఆసుపత్రి ఎంత దూరం?"

"ఆరు కిలోమీటర్లుంటుందమ్మా."

పోను ఆరు, రాను ఆరు. డిజైనర్ టీ సంగతి మరిచిపోయి మేనేజర్ గదికి పరుగెత్తింది.

"ఆయన్ని మళ్ళీ పిలవండి. ఆయన తప్పేం లేదు."

"మీరే కదా మేడమ్ రాసిచ్చారు. ఇప్పుడేమైంది?"

"అది చెప్పలేను సార్."

అన్నాక గుర్తొచ్చింది, ఈ గదిలోనే ఆయనా ఈ మాటే అన్నాడని. ఆమె కళ్ళు తుడుచుకుంది.

మేనేజర్ ఇక అడగలేదు. పాత డ్రైవర్‌కు ఫోన్ చేస్తే నంబరు పనిచేయడం లేదు. ఇంటికి మనిషిని పంపాడు. ఆయన ఇల్లు ఖాళీ చేసి కుటుంబంతో వేరే ఊరు వెళ్ళిపోయాడట. ఏ ఊరో పక్కింటివాళ్ళకూ తెలియదు.

ఆ సాయంత్రం ఆమె మిగతావాళ్ళతో వెళ్ళలేదు. వాళ్ళను దింపి తిరిగొచ్చిన కారును గేటు దగ్గర ఆపించి, గిన్నెలు తోమే ఆవిడను మెల్లగా ఎక్కించింది.

"ఆసుపత్రికీ, మీ ఇంటికీ తిరగాలంటే పెట్రోలు చాలదు మేడమ్," అన్నాడు కొత్త డ్రైవర్.

"ఏసీ ఆపేయండి. రేపట్నుంచి ట్రాఫిక్‌లో వేయకండి."

"తర్వాత నామీద ఫిర్యాదొస్తే?"

"రాసేదాన్ని నేనే కదా. రాయను."

అద్దాలు దిగాయి. వేడిగాలి ముఖానికి కొట్టింది. ఆవిడ అలసటగా వెనక్కి వాలింది. డిజైనర్ ఆవిడ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"ఆయన మీ సొంత అన్నయ్యేనా?"

"లేదమ్మా, పేరు కూడా నాకు తెలీదు," అంది ఆవిడ కళ్ళు మూసుకునే. "నేను గేటు బయట కూలబడిపోయిన రోజు, అన్ని కార్లు వెళ్తుంటే ఆగింది ఆయన కారొక్కటే."