మీ పళ్లెం ఏమంది?

ఇప్పుడు ప్రతి వంటింట్లోనూ పరీక్ష పళ్లెం ఉంటుంది. చెరువులో చేపల రోగాలకు వేసిన మందు ముక్కలో మిగిలి ఉంటే ఎర్రగా, లేకపోతే పచ్చగా వెలుగుతుంది. మా చెరువు చేపను మూడుసార్లు కడిగి పెట్టినా ఎరుపే.

"మందేసి ఎన్నాళ్లయిందండీ?"

"ఆరు రోజులు. ఇన్నేళ్లూ తిన్నవాళ్లకి ఏమైందంట?" అన్నారు మావారు.

అమ్మకానికి చెరువులో చేపలు పట్టే ముందు ఇరుగుపొరుగుకు తలో చేప పంచడం మా ఆనవాయితీ. పొద్దున్నే అయిదిళ్లకు పంచేశారు.

ఇంతలో గోడ అవతలినుంచి నాగరత్నం కేకేసింది.

"వదినా, మా పళ్లెం మొరాయించింది. మీదేమంది? పచ్చేనా? అమ్మాయికి ఏడో నెల కదా, అడిగి వడ్డిద్దామని!"

పచ్చే అనమని ఆయన చేత్తో సైగ చేశారు.

"ఎరుపొచ్చింది వదినా! పెట్టకు, పారబొయ్యి!"

ఆయన నావైపు చూడకుండా చెప్పులు వేసుకున్నారు.

"ఎక్కడికండీ?"

"ఇంకా నాలుగిళ్లకి చెప్పాలిగా."