వంపు తీసేసిన గొట్టం

విశాఖలో ఇంటింటికీ ఆవిరి గొట్టాలు వచ్చాక గ్యాస్ పొయ్యిలు మూలపడ్డాయి. వేడికి ఎంత సాగుతుందో ఏ గొట్టానికి లెక్క కట్టాలో, దేనికి అక్కర్లేదో ఆఫీసులోని యంత్రమే తేల్చేది. దాని మాట కింద సంతకం పెట్టడమే ఇంజనీరు సువర్చల ఉద్యోగం.

ఒకరోజు కాంట్రాక్టరు పైడిరాజు ఆమె ఉండే అపార్ట్‌మెంట్ పనే తెచ్చాడు. గొట్టానికి మధ్యలో ఉన్న వంపు చూడ్డానికి బాగాలేదని తీసేసి, రెండు గోడల మధ్య తిన్నగా బిగించారు. పాతదానిలాంటిదే కనుక లెక్క అవసరం లేదంది యంత్రం.

"వేడెక్కితే గొట్టం సాగుతుంది కదయ్యా. వంపు లేకపోతే అప్పుడు ఎటు పోతుంది?" అని అడిగింది సువర్చల.

"ఎటో పోద్ది లెండి మేడమ్. మిషనే అక్కర్లేదంటే మనకేటి?"

ఆమె సంతకం పెట్టలేదు. పై అధికారి పెట్టాడు.

కొన్నాళ్లకే గోడ దగ్గర అతుకు విడిపోయి ఆవిరి చిమ్మింది. అక్కడ గిన్నెలు తోముతున్న పనిమనిషి నరసాయమ్మ చేతి తోలు మోచేతి దాకా ఊడి వచ్చింది. సువర్చల ఆమెను ఆసుపత్రిలో చేర్చి వచ్చేసరికి, పైడిరాజు వంపు లేని అలాంటి గొట్టమే పట్టుకుని మెట్ల దగ్గరున్నాడు.

"మిషను ఒప్పేసుకుంది మేడమ్. ఇక్కడ ముందు ఇలాటిదే ఉండేది కదా అంది."

సువర్చలకు కోపం కూడా రాలేదు. కిందికి వెళ్లి భవనం మొత్తానికి ఆవిరి వచ్చే వాల్వు మూసేసి, దాని పిడి ఊడదీసి చేతిలో పట్టుకుంది.

కాసేపటికి పై ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే దిగి వచ్చారు.

"అన్నం సగమే ఉడికిందండీ. ఎప్పుడు తిప్పుతారు?"

నరసాయమ్మ ఎలా ఉందని ఎవరూ అడగలేదు.