మూడో విజిల్

లోపల అమర్చిన యంత్రాలతో ఇంటి గోడలే ఏ జాజ్ కళాకారుడిలాగైనా వాయించే రోజులవి. ప్రభుదాసు సాక్సఫోన్ బాణీని కూడా వాళ్లింటి గోడ నేర్చేసుకుంది.

"మూడు పాటలు వినిపిస్తాయి సుగుణా. రెండు గోడవి, ఒకటి నాది. నన్ను పోల్చుకోలేకపోయావో, రేపే ఈ సాక్సఫోన్‌ని మ్యూజియంకి ఇచ్చేస్తా," అని భార్యతో చెప్పి గది తలుపు వేసుకున్నాడు.

సుగుణ పొయ్యి మీద కుక్కర్ పెట్టింది. ఒక్కో పాట మధ్యలో ఒక్కో విజిల్ వచ్చింది. మొదటి రెండు పాటలూ పట్టించుకోకుండా సాగిపోయాయి. మూడోసారి సాక్సఫోన్ టక్కున ఆగి, విజిల్ స్వరాన్నే అందుకుని కాసేపు దాంతో ఆడుకుంది.

"మూడోది మీరేనండీ."

"ఎలా కనిపెట్టావు?"

"నలభై ఏళ్లలో విజిల్ వస్తే ఒక్కసారైనా ఊరుకున్నారా?"

ప్రభుదాసు నవ్వుకుంటూ అన్నం వడ్డించుకుందామని కుక్కర్ మూత తీశాడు. లోపల నీళ్లు తప్ప ఏమీ లేవు.