ఈల వేసే రెక్క

పెట్టె మీద ఎర్రలైటు ఆరిపోయింది.

ఆ పెట్టెలో రెండు వందల కోడిగుడ్లు పంతొమ్మిది రోజులుగా వెచ్చగా పడుకుని ఉన్నాయి. ఇంకో రెండు రోజులు ఆ వేడి నిలిస్తే పిల్లలు. నిలవకపోతే కంపు.

ఇల్లాలు కిటికీ తెరిచింది. మధ్యాహ్నపు ఈదురుగాలి చెట్లని జుట్టు పట్టుకుని ఊపుతోంది. ఎదురుగా గుట్ట మీద గాలిమర మాత్రం మూడు రెక్కలూ చాపుకుని, తనకేమీ పట్టనట్టు నిలబడి ఉంది.

వీధిలో పన్నెండు ఇళ్లకూ కరెంటు ఇచ్చేది అదే. గాలి రెక్కల్ని తిప్పుతుంది, రెక్కలు ఇరుసుని తిప్పుతాయి, ఇరుసు జనరేటర్ని తిప్పుతుంది. మొత్తాన్నీ ఆపి కూర్చునేది మాత్రం మరని చూసుకునే ఒక ముసలాయన.

"గాలి లేకపోతే అది తిరగదు. గాలి వస్తే ఈయన తిరగనివ్వడు," అంది, పెట్టె మీద దుప్పటి కప్పుతూ.

"ఇంకో ఉత్తరం రాయి," అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండా.

వీధిలో వెనకాల ఆమెకున్న పేరు ఉత్తరాలమ్మ. పైపు పగిలినా, బస్సు ఆగకపోయినా ఉత్తరం వెళ్లాల్సిందే. కాలేజీలో నేర్చుకున్న భాషంతా ఫిర్యాదులకే ఉపయోగపడింది.

ముసలాయన మీద ఇప్పటికి రెండు రాసింది. మొదటిది రెండు నెలల కిందట: గాలి జోరందుకోగానే మర ఆపేస్తున్నాడు, మనిషిని మార్చండి. రెండోది పది రోజుల కిందట: ఈ మధ్య యూనిఫాం కూడా వెయ్యడం లేదు, మా పిట్టగోడ మీద కూర్చుని కళ్లు మూసుకుని కునుకు తీస్తున్నాడు.

గాలిమర కంపెనీకి చీమ కుట్టినట్టయినా లేదు.

ఆమె చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

గుట్ట ఎక్కేసరికి మర అడుగున ఇనుప తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం కింద పడి ఉంది. పక్కనే పెద్ద రాయి. గుమ్మంలో ముసలాయన, చెమటకి తడిసిన చొక్కాతో.

"తాళం పగలగొట్టావా?"

"అవునమ్మా."

"తాళంచెవి ఏమైంది?"

"నా దగ్గర లేదు."

"అదీ పోగొట్టావన్నమాట. బాగుంది. ఎందుకు ఆపావు?"

"మూడు రెక్కలూ ఒకే మాట అనాలమ్మా. కళ్లు మూసుకుంటే తెలుస్తుంది. రెండు సరిగ్గానే అంటున్నాయి. మూడోది నాలుగు రోజులుగా ఈల వేస్తోంది. ఇవాళ్టి గాలికి ఆ ఈల ఏడుపైంది."

"ఈలలు వినడానికా నీకు జీతం ఇచ్చేది?"

ముసలాయన జీతం మాట దాటేశాడు.

"ఆఫీసుకి చెప్పాను. నా మాట వాళ్లు వినరమ్మా."

"నా మాట వింటార్లే. ముందు నువ్వు మర తిప్పు. అక్కడ నావి రెండొందల ప్రాణాలు చల్లారిపోతున్నాయి."

"తిప్పను."

"ఏమన్నావు?"

"తిట్టండి, పడతాను. తిప్పను." గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. "పెట్టె చుట్టూ వేడినీళ్ల సీసాలు పెట్టి, పైన గోనెసంచులు కప్పండి. గంటకోసారి నీళ్లు మార్చండి. నిలబడతాయి."

"చేసిన నిర్వాకానికి సలహా కూడానా?"

అక్కడి నుంచే కంపెనీకి ఫోన్ చేసింది. ఈసారి భాషకి మెరుగులు దిద్దలేదు. తాళం, రాయి, ముసలాడు, అంతే.

గంటలో జీపు వచ్చింది. ఇద్దరు పోలీసులు ముసలాయన్ని చెరో రెక్కా పట్టుకుని ఎక్కించారు. జీపు కదిలేటప్పుడు ఆయన ఆమె వైపు చూడలేదు. తల బయటికి పెట్టి పైకి చూశాడు, రెక్కలు కదలడం లేదు కదా అని.

"ఉత్తరం కంటే ఫోనే నయం," అంది ఇంటికొచ్చి.

అయినా స్టవ్ మీద నీళ్లు పెట్టింది. సీసాలు వెతికింది. కోపం కోపమే, గుడ్లు గుడ్లే.

మర్నాడు పొద్దున దుప్పటి ఎత్తితే ఒక గుడ్డు మీద సన్నటి పగులు. లోపలి నుంచి చిన్న ముక్కు పొడుస్తోంది.

అదే సమయానికి కంపెనీ ఇంజనీరు తాడు కట్టుకుని గాలిమర ఎక్కాడు. దిగి వచ్చాక ఆమె వాకిట్లో గ్లాసుడు నీళ్లు గటగటా తాగాడు.

"మూడో రెక్కలో చీలిక మేడం. నా చెయ్యంత. ఇంకో పావుగంట తిరిగితే విరిగేది."

"విరిగితే?"

ఇంజనీరు మర నుంచి ఆమె ఇంటి కప్పు దాకా చూపుతోనే కొలిచాడు.

"ఇటే."

ఆ కప్పు కిందే పెట్టె ఉంది. పక్కన కుర్చీలో భర్త, పేపరు.

ఆమె ఓసారి కప్పు వైపు చూసింది. తర్వాత ఆగలేదు.

"నాలుగు రోజులుగా చెప్తున్నాడటగా. మీకు చెవులు లేవా?"

"అంటే మేడం, ఆయన చెప్పాడని..."

"ఆయన చెప్తే వినరు. నేను అరిస్తే జీపు పంపిస్తారు. పగిలింది తాళమేగా? దానికి పోలీసులా?"

"ఫోన్ చేసింది మీరే కదా."

"నేను చేస్తే? నాకు రెక్క గురించి ఏం తెలుసు? నాకు నోరుంది, అరిచాను. చదువుకున్నవాళ్లు మీరేం చేశారు? ఎక్కడున్నాడాయన?"

"పొద్దున్నే వదిలేశారట. ఎటు వెళ్లాడో తెలీదు."

"సొంత మనిషి ఎటు వెళ్లాడో మీకే తెలీదా?"

ఇంజనీరు చంకలోని ఫైలు తెరిచాడు. అన్నిటికంటే పైన, గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా, ఆమె మొదటి ఉత్తరం.

"సొంత మనిషి ఎక్కడ మేడం, ఇది అందిన రోజే ఆయన్ని తీసేశాం, రెండు నెలలుగా ఇక్కడ మా మనిషంటూ ఎవరూ లేరు."