సీడీకి బొట్టు

బిందుమాధవి చేతిలో సీడీ చూడగానే కోటేష్‌కి కడుపులో మంట లేచింది.

"కోటేష్ గారూ, ఒక్క మాట" అంటూ ఆమె దగ్గరికి వస్తుంటే, వినపడనట్టు ముఖం కంప్యూటర్‌లోకి దూర్చి టకటకా టైపు చేయసాగాడు. ఆ కొట్టినదాంట్లో ఒక్క ముక్కకీ అర్థం లేదు. ఆమె కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

గుంటూరు మిర్చి వ్యాపారి యలమందయ్యగారు తన కోల్డ్ స్టోరేజీలోకి వచ్చే ప్రతి బస్తాకీ గీతల చీటీ, అదే బార్‌కోడ్, అంటించాలని సరదాపడ్డారు. ఆ చీటీలు వేసే ప్రోగ్రాం, వాళ్ళ కంప్యూటర్లు నడిచే లినక్స్‌లో ఉచితంగానే దొరుకుతుంది. దానికి బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్లటి తెర మీద ఒక వరుస కమాండు కొడితే ప్రింటర్లోంచి చీటీ వస్తుంది. ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఇద్దరినీ పిలిచి, ఎవరి మిషన్‌లో వాళ్ళు దాన్ని ఎక్కించుకోమన్నారాయన. ఇవాళ కంప్యూటర్లకి పూజ కాగానే ఎవరి చీటీ ముందొస్తే, పర్చూరులో కట్టిన కొత్త కోల్డ్ స్టోరేజీ కంప్యూటర్ల పెత్తనం వాళ్ళది.

ఆ పెత్తనం తనదేనని కోటేష్ ఎప్పుడో ఖాయం చేసుకున్నాడు. ఈ ఆఫీసుకి మొదటి కంప్యూటర్ మోసుకొచ్చింది తను. నిన్నగాక మొన్న ఎంసీఏ పట్టాతో దిగిన పిల్లతో తనకి పోటీ పెట్టడమే తల కొట్టేసినట్టుంది. పైగా హమాలీలతో సహా అందరూ ఆమెని మేడం అంటున్నారు. తను మాత్రం ఇప్పటికీ ఒరేయ్ కోటేషే.

ఎక్కించే పద్ధతి దగ్గరా ఇద్దరికీ పొసగలేదు. రెడీమేడ్ ప్యాకేజీ తెచ్చుకుంటే ఒక్క కమాండుతో అయిపోతుందని ఆమె మొదటిరోజే అంది. కోటేష్ నవ్వేశాడు. మన కాయ మనం ఎండబెట్టి, తొడిమలు తీసి దంచుకున్న కారమూ, కొట్లో కొన్న ప్యాకెట్టు కారమూ ఒకటేనా అన్నాడు. ఆ పంతంతోనే ప్రోగ్రాం మూల రాత, అంటే సోర్సు తెచ్చి స్వయంగా కంపైల్ చేయడానికి కూర్చున్నాడు. తెర మీద అక్షరాలు బిరబిరా పరుగెత్తి, ప్రతిసారీ ఒకే చోట చతికిలబడ్డాయి. దానికి తోడుగా ఉండాల్సిన లైబ్రరీ ఫైలు ఒకటి మిషన్‌లో లేదు.

నెట్‌లోంచి దించుకుందామంటే ఆఫీసుకున్నది ఒక్కటే ఫోను లైను. మిర్చి యార్డులో రేటెంతని ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు, మోగినప్పుడల్లా నెట్ తెగిపోతుంది. ఆ ఫైలు బిందుమాధవిని అడిగితే దొరికేదేమో. అడగడానికి అతనికి నోరు రాలేదు. పొద్దున్నే వచ్చి మళ్ళీ దించడం మొదలుపెట్టాడు. ఇప్పటికి సగం దాటింది. ఈలోగా ఈమె సీడీతో ప్రత్యక్షమైంది. ఇలా పెట్టి, అలా ఒక కమాండు కొట్టి, పర్చూరు ఎగరేసుకుపోతుంది. ఆ ఊహకే అతనికి కళ్ళల్లో కారం కొట్టినట్టయింది.

పంతులుగారు కంప్యూటర్లకి బొట్లు పెడుతున్నారు. అది చూసేసరికి కోటేష్ బుర్రలో దీపం వెలిగింది. యలమందయ్యగారి పక్కకి చేరాడు.

"సార్, పెట్టెలకి పెడితే ఏముందండీ. అసలు సరుకంతా మేడంగారి చేతిలో ఉన్న ఆ సీడీలో ఉంది. బొట్టు పెట్టాల్సింది దానికి."

"నిజమేరా" అన్నారాయన. "అమ్మాయ్, అది ఇటియ్యమ్మా."

సీడీకి వద్దండీ, పాడైపోద్ది అని బిందుమాధవి కంగారుపడింది. దేవుడి పసుపు తగిలితే పాడైపోవడమేంటని ఆయన గదమాయించి తీసుకున్నారు. రాత ఉన్న వైపు వెనకవైపని పంతులుగారు అనుకున్నారు. అద్దంలా మెరుస్తున్న వైపు తిప్పి, తడి పసుపు దట్టంగా పులిమి, కుంకుమ అద్ది, అక్షింతలు వేసి అరచేత్తో అదిమారు.

కోటేష్‌కి ప్రాణం లేచొచ్చింది.

ఆమె చున్నీతో గబగబా తుడిచింది. పసుపు పోయింది గానీ దాని కింద గీతలు పడ్డాయి. తన మిషన్‌లో పెట్టి చూసింది. డ్రైవు గరగరమని తిరిగి, చదవలేక సీడీని బయటికి నెట్టేసింది. ఆమె ముఖం వాడిపోయింది. కోటేష్ పైకి జాలి చూపించాడు, లోపల పండగ చేసుకున్నాడు.

అంతలో ఫోను మోగింది. అతని ఫైలు దిగుతూ దిగుతూ ఆగిపోయింది. అయినా అతనికి దిగులు కలగలేదు. ఇద్దరిదీ కాకపోతే ఆఫీసులో పాతవాడికే ఇస్తారు. తనకి రాకపోయినా ఆమెకి రాకుండా పోయింది, అదే చాలు.

"ఊఁ, కానివ్వండి" అన్నారు యలమందయ్యగారు.

కోటేష్ చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు. ఇవాళ ఎవరి వల్లా కాదనీ, పాపం మేడంగారి సీడీ కూడా దెబ్బతిందనీ, ఇంకో మంచిరోజు చూద్దామనీ విన్నవించుకున్నాడు.

ఆ మాటలు పూర్తికాకముందే బిందుమాధవి తన కీబోర్డు మీద ఒక వరుస కొట్టింది. ప్రింటర్ కిర్రుమంటూ గీతల చీటీని బయటికి తోసింది. యలమందయ్యగారు దాన్ని అక్కడున్న మిర్చి బస్తాకి అంటించి, పర్చూరు ఎప్పుడు బయల్దేరతావమ్మా అన్నారు.

కోటేష్ వంగి బస్తా మీద చీటీని చూశాడు. "సీడీ పాడైంది గదండీ, ఎట్టా వచ్చింది?" అన్నాడు.

"నాది మొన్ననే ఎక్కించేశానండీ" అంది బిందుమాధవి. "మీ మిషన్ ఏదో ఫైలు లేదని ఆగిపోతుంటే చూసి, ఆ సీడీ మీ కోసం తెచ్చాను."